మూడో గుర్తు

కళింగపట్నం,
3 జూన్ 2024.

బుల్లీ,

నువ్వు పంపిన పార్సిలు నిన్న మధ్యాహ్నం అందింది. కళ్లజోడు సరిపోయింది. మోకాళ్ల నూనె సీసా కారలేదు. ఇవి ముందే రాసేస్తున్నాను, తరువాత రాయాల్సింది మొదలుపెడితే మర్చిపోతాను.

కళ్లజోడు పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటే లక్ష్మీనరసమ్మ చూసి, “ఒలమ్మో, టీచరమ్మ లాగున్నావే! రేపట్నుంచి ఎండుసేపలకి పాటాలు సెప్పు” అంది. ఏడు నెలల తరువాత నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే, జోడు చుట్టూ నువ్వు చుట్టిన కాగితాలు విప్పి చదివాను.

వాటిలో ఉన్నదే నీకు మళ్లీ రాస్తున్నాను. “పేరు: నాగబాబు. వయసు: ఇరవై ఆరు. ఒంట్లో బలం: తొమ్మిది. భయం: నాలుగు. నీళ్లు: రెండు రోజులకి. ఇప్పుడు: బతికి ఉన్నాడో లేదో తేలలేదు. వెతకాల్సిన చోట్లు:” అని, కింద నీలం రంగు బొమ్మ, దాని మీద మూడు గుర్తులు, గుర్తుల పక్కన అంకెలు.

ఎవరు రాశారే ఇది? మీ అన్నని ఎవరు చూశారు? నాకు తెలియకుండా పోలీసుల దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా? నీళ్లు రెండు రోజులకే అని ఉంది. ఏడు నెలలయింది. రెండు రోజుల నీళ్లతో వాడు ఇన్నాళ్లు ఎలా ఉన్నాడు? ఇదే అడుగుతూ నిన్నటి నుంచి ఇల్లంతా తిరుగుతున్నాను.

శవం దొరకని వాడి ఫోటోకి నేను దండ వెయ్యలేదు. మీ పెద్దమ్మలు ఎంత తిట్టినా వెయ్యలేదు. అది నా పిచ్చి అనుకున్నాను. ఈ కాగితం చూశాక పిచ్చి కాదేమో అనిపిస్తోంది, అదే నాకు ఇంకా భయం.

కొండబాబు మావయ్యకి చూపించాను. నాగబాబుతో ఎక్కిన పడవ తిరగబడిన నాటి నుంచి నా తమ్ముడు గోడవైపు తిరిగి కూర్చున్న మనిషి, నీకు తెలుసు కదా. అంకెలు చూసి లేచి నిలబడ్డాడు. “అప్పా, ఇయి మనం వలేసే పాయింట్లే. ఈ మూడోది మన నాగబాబు గుంటడు కొత్తగా కనిపెట్టినాడు. ఆడికీ నాకూ తప్ప ఎవుడికీ తెల్దు. బుల్లికెలా తెలిసింది?” అన్నాడు. వెళ్లి తలస్నానం చేసి, ఇంజను మీద కప్పిన పట్టా తీశాడు. నిషేధం తీరి పదిహేనో తారీకున వేట తెరుస్తారు, ఆ రోజే బయలుదేరతానంటున్నాడు.

ఫోను చెయ్యకు. పడవ తిరగబడిందన్న మాట ఫోనులోనే విన్నాను, ఆ చెవికి మళ్లీ దాన్ని ఆనించలేను. ఉత్తరం రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ అమ్మ,
నారాయణమ్మ.


హైదరాబాదు,
7 జూన్ 2024.

అమ్మకి, బుల్లి రాస్తున్నది.

అమ్మా, ముందు కూర్చో. అన్నయ్య గురించి ఏ కబురూ రాలేదు. ఎవరూ చూడలేదు. ఆ కాగితాలు నా ఆఫీసు పనివి. అచ్చు చెడిపోయినవి పారెయ్యాల్సింది పోయి, జోడు పగలకుండా చుట్టేశాను. ఇంత తెలివితక్కువ పని నేను ఎప్పుడూ చెయ్యలేదు. నన్ను క్షమించు.

మా ఆఫీసులో ఆటలు తయారు చేస్తారు. బల్ల చుట్టూ ఐదారుగురు కూర్చుని ఆడే ఆట. భాగోతంలో వేషం కట్టినట్టే ఒక్కొక్కరు ఒక మనిషి అవుతారు, కాకపోతే రంగులుండవు, కూర్చునే మాట్లాడతారు. ఒకరు కథ నడుపుతారు. “గాలి లేచింది, ఇప్పుడేం చేస్తారు?” అని అడుగుతారు. వాళ్లు చెప్పింది జరుగుతుందో లేదో పాచికలు వేసి చూస్తారు. ఆ కథ నడిపే మనిషిని నేనే. పాచికలు నా ముందు అట్ట తెర వెనక వేస్తాను.

అన్నయ్య శ్రీకాకుళంలో పాత పుస్తకాల బండి మీద కొన్న నవల గుర్తుందా, “రెండు చందమామల సముద్రం”? వల బాగుచేస్తూ నువ్వు వినేదానివి, వాడు చదివేవాడు. ఎక్కడో ఆకాశంలో ఒక లోకం, అంతా నీళ్లే, పైన రెండు చందమామలు, పోటు ఎప్పుడొస్తుందో ఆటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఓడ నాయకుడు తప్పిపోతే తోటివాళ్లు వెతుకుతారు. ఆ నవలనే ఆటగా మారుస్తున్నాను. నవలలో ఉన్నది ఒక్కటే దారి, రాసినాయన ఎటు తీసుకెళ్తే అటే. ఆటలో అలా కుదరదు. ఆడేవాళ్లు ఎటు తిరిగితే అటు సముద్రం ఉండాలి. అందుకే నాకు నిజమైన సముద్రం కావాల్సి వచ్చింది. అన్నయ్య నోటు పుస్తకంలోని పాయింట్ల అంకెలు తీసుకున్నాను. మూడోదాని పక్కన వాడు చుక్క పెట్టుకున్నాడు, దానికే నేనూ చుక్క పెట్టాను. నాయకుడికి నవలలో వేరే పేరుంది. ఆ పేరు టైపు చేద్దామని కూర్చుంటే, ఎందుకో, చేతికి వాడి పేరే వచ్చింది.

ఇప్పటికి పదకొండు సార్లు ఆడించి చూశాం. తొమ్మిది సార్లు దొరకలేదు. రెండు సార్లు దొరికాడు, రెండు సార్లూ మూడో గుర్తు దగ్గరే. ఇది ఆట మాత్రమే అమ్మా. అయినా ఆ రెండు రోజులూ నాకు హాయిగా నిద్రపట్టింది. నీకు కాక ఎవరికి చెప్పుకోను?

మావయ్య ఇంజను మీద పట్టా తీశాడన్న మాట చదివి ఎంత సంతోషించానో. మళ్లీ వేటకి వెళ్తే మనిషి కోలుకుంటాడు. నేను సంతోషించానని మావయ్యకి చెప్పు.

ఇక్కడ వాన పట్టుకుంది. గది గోడ చెమ్మెక్కి పుస్తకాలు వాసనేస్తున్నాయి. నా దగ్గు తగ్గింది. నూనె రోజూ రాసుకో.

నీ బుల్లి.


కళింగపట్నం,
11 జూన్ 2024.

బుల్లీ,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను, నాలుగోసారి మావయ్యకి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

నువ్వు ఆట అంటున్నావు. సరే. నేను ఐదో తరగతి చదివాను, నువ్వు పెద్ద చదువులు చదివావు. మన వీధికి వచ్చే సోదమ్మ కూడా చేటలో బియ్యం పోసి ఆడుకున్నట్టే ఉంటుంది. బియ్యం గింజలకి ఏం తెలుసు? అయినా తప్పిపోయిన మనిషి కోసం అందరం వెళ్లి దాని ముందు కూర్చుంటాం. నువ్వు వాడి పేరు రాశావు, వాడి వయసు రాశావు, వాడి చేతి అంకెలు పెట్టావు, పాచిక వేసి “ఎక్కడున్నాడు?” అని అడిగావు. ఒకసారి కాదు, పదకొండు సార్లు. అది అడగడం కాకపోతే ఏమిటే?

మావయ్య మొహం చూడాల్సింది. “రెండుపాలి ఒకే కాడ దొరికాడా? మల్లీ సదువప్పా” అన్నాడు. మళ్లీ చదివాను. “మరేటి! నానెల్తాను. వల పట్టుకెల్లను. ఐసు పెట్టి పట్టుకెల్లను. మూడో పాయింటుకి తిన్నగా ఎల్లి సూసొస్తాను” అన్నాడు.

నువ్వు వాడు చేపల వేటకి వెళ్తున్నాడనుకున్నావు. నేనే సరిగా రాయలేదు. వాడు వెళ్తున్నది నాగబాబు కోసం. నువ్వు సంతోషించావని చెప్పమన్నావు కదా, చెప్పాను. “అదిగో, బుల్లి కూడా ఎల్లమంది” అని ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మొదట్లో నాకూ ఆశ కలిగింది, దాచుకోను. ఇప్పుడు భయం. నిన్నటి నుంచి తూర్పు గాలి తిరిగింది. అల ఎత్తుగా లేచి ఒడ్డున ఉన్న పడవల దాకా వస్తోంది. మూడో పాయింటు చాలా దూరమట, అక్కడ ఎవరూ ఉండరట, ఏమైనా అయితే చూసే దిక్కు లేదు. వాడొక్కడే వెళ్తానంటే లక్ష్మీనరసమ్మ మొగుడు గంగరాజు, “ఒక్కడివీ ఎలా ఎల్తావురా, నానూ వస్తాను” అని ఒప్పుకున్నాడు. ఆవిడ నా దగ్గరికొచ్చి, “నా మొగుణ్ణి నీ కాగితం పట్టుకెల్తంది. ఆడు తిరిగి రాకపోతే నీ కల్లజోడు ఇరిసేస్తాను” అంది. నవ్వుతూనే అంది. కళ్లలో మాత్రం నవ్వు లేదు.

వెళ్లొద్దని చెప్పలేకపోతున్నాను బుల్లీ. నోరు తెరిస్తే, నాగబాబు అక్కడ దాహంతో కూర్చున్నట్టు కనిపిస్తాడు. చెప్పకపోతే, మావయ్య తిరగబడిన పడవ కింద ఉన్నట్టు కనిపిస్తాడు. ఒకడి కోసం ఇంకొకణ్ణి పంపేదాన్నయ్యాను.

అందుకని నువ్వొక పని చెయ్యి. నీ ఆటలో కొండబాబు పేరు రాయి. వయసు నలభై మూడు. ఒంట్లో బలం, నువ్వే చూసి వెయ్యి, తాగడం మానేశాడు. వాడు మూడో గుర్తుకి వెళ్లి తిరిగి వస్తాడా అని ఒక్కసారి పాచిక వేసి చూడు. రాడని పడితే లక్ష్మీనరసమ్మ ఫోనుకి ఒక్క మాట చెప్పు చాలు. నేను వెళ్లి పడవకి అడ్డంగా పడుకుంటాను.

ఈ ఉత్తరం స్పీడు పోస్టులో వేస్తున్నాను. పదిహేను లోపల అందాలి.

అమ్మ.


హైదరాబాదు,
15 జూన్ 2024, మధ్యాహ్నం.

అమ్మా,

నీ ఉత్తరం ఇప్పుడే, పన్నెండు గంటలకి, చేతికొచ్చింది. నిలబడి చదివాను. మావయ్యకి ఫోను చేశాను, అందుబాటులో లేదని వస్తోంది. లక్ష్మీనరసమ్మత్తకి చేశాను. “తెల్లారగట్ల ఎలిపోనారమ్మా. మీ యమ్మ ఇసకలో కూకున్నాది, లేవమంటే లేవదు” అంది. ఫోను నీ చెవి దగ్గర పెట్టమని బతిమాలాను. నువ్వు తోసేశావట. ఇసకలో పడిన చప్పుడు విన్నాను. ఆ తరువాత కాసేపు అలల చప్పుడే వినిపించింది, ఎవరూ కట్ చెయ్యలేదు. అన్నయ్య పోయాక నేను సముద్రాన్ని విన్నది అదే మొదలు.

ఫోనులో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితం నిన్ను చేరేసరికి ఏం జరగాలో అది జరిగిపోయి ఉంటుంది. అయినా రాయాలి.

పాచిక వెయ్యలేదమ్మా. చేతిలోకి తీసుకున్నాను. వెయ్యలేకపోయాను. వేసినా నీకు నిజం చెప్పేదాన్ని కాదు. ఎందుకంటే ఇంతకుముందు కూడా చెప్పలేదు.

పదకొండు ఆటల్లో రెండుసార్లు అన్నయ్య దొరికాడని రాశాను. అది అబద్ధం. దొరకాలంటే రెండు పాచికలు కలిపి పదికి పైన పడాలి. మొదటిసారి ఏప్రిల్‌లో, వాడి పుట్టినరోజున. ఐదు పడింది. తెర వెనక ఉన్నది నేను, చూసేవాళ్లెవరూ లేరు. “పదకొండు” అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు కేకలేసి చప్పట్లు కొట్టారు. రెండోసారి ఏ రోజూ కాదు, ఉత్త మంగళవారం. ఆడేవాళ్లలో ఒకమ్మాయి నీళ్లు అయిపోయినా వెనక్కి తిరగనంది. నాకు ఓపిక అయిపోయింది. ఏడు పడింది, పన్నెండు అన్నాను. మూడో గుర్తు దగ్గరే దొరికాడని ఎందుకన్నానంటే, అక్కడ వాడు పెట్టుకున్న చుక్క ఉంది, అంతే. పాచిక ఒక్కసారి కూడా వాణ్ని తిరిగి ఇవ్వలేదమ్మా. నేనే ఇచ్చాను.

ఆ అబద్ధం మీద మావయ్య ఎక్కి వెళ్లాడు. గంగరాజు మావ కూడా. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధి కావడం లేదు. కిటికీలోంచి చూస్తే ఇక్కడ ఎండ కాస్తోంది, అక్కడ ఎలా ఉందో.

కాగితాలన్నీ చింపేస్తాను. ఆ ఆట ఇక నాకొద్దు.

బుల్లి.


కళింగపట్నం,
16 జూన్ 2024.

బుల్లీ,

వచ్చారు. ముందు అది చదువుకో. ఇద్దరూ వచ్చారు. లక్ష్మీనరసమ్మ నీకు ఫోనులో చెప్పిందట కానీ, నేను రాస్తే గానీ నాకు చెప్పినట్టు ఉండదు.

నిన్న పొద్దున్నే రెండు టిఫిన్లు కట్టాను. ఒకటి మావయ్యకీ గంగరాజుకీ. రెండోది నాగబాబుకి. అన్నం, ఎండు నెత్తళ్ల కూర, పక్కన ఉల్లిపాయ. మావయ్య రెండోది రెండు చేతులా అందుకున్నాడు. కాళ్లకి అడ్డం లేకుండా లోపల పెట్టుకున్నాడు. నీళ్ల బిందె నింపింది నేనే, మూత బిగించింది నేనే. అల మీద పడవ లేచి, దిగి, మళ్లీ లేచి, తరువాత చుక్కంత అయి పోయింది.

పది గంటలకి మొదటి పడవలు వచ్చేశాయి. వేట తెరిచిన రోజు కదా, ఒడ్డంతా బుట్టలు, జనం, కేకలు. నా చుట్టూ అందరూ నడిచి వెళ్తున్నారు. మధ్యాహ్నానికి ఊరి పడవలన్నీ వచ్చేశాయి. లక్ష్మీనరసమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా చెయ్యి పట్టుకుంది. గాలి ఇంకా పెరిగింది. ఏడు నెలల కిందట ఇదే ఇసకలో కూర్చుని చూశాను. అప్పుడు ముగ్గురి కోసం చూస్తే మావయ్యా, కూలికొచ్చిన పొరుగూరి వాడూ, ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఇద్దరి కోసం చూస్తున్నాను. ఎంతమంది వస్తారు? లెక్క అలా తగ్గుతూనే పోతుందా? దేవుడా, ఎవరినీ తేవొద్దు, వెళ్లిన వాళ్లని పంపు అని మొక్కాను. నా కొడుకుని తేవొద్దని నా నోటితో నేనే మొక్కాను బుల్లీ.

దీపాలు పెట్టే వేళకి ఇంజను చప్పుడు వినిపించింది.

మావయ్య దిగి, నీళ్లలోనే నా కాళ్ల మీద పడ్డాడు. “అప్పా, పడవ తిరగబడింది ఆ మూడో పాయింటు కాడే. గాలికి ఎటు కొట్టుకుపోనామో తెల్దని అబద్ధం సెప్పినాను. గుంటడి సెయ్యి నా సేతిలో ఉన్నాది. నానే వదిలేసినాను. పడవ అంచు పట్టుకోడానికి రెండు సేతులూ కావాల్సొచ్చి వదిలేసినాను. ఇయాల మల్లీ ఎల్లి పిలిసినాను అప్పా. మజ్జానం దాకా పిలిసినాను. ఆడు లేడు” అన్నాడు.

కొట్టాలనిపించింది, కొట్టలేదు. వాడి చేతులు చూశాను. చిన్నప్పుడు నేను నడిపించిన చేతులే. “వాడి అన్నం ఏం చేశావు?” అని అడిగాను. “ఆడికి ఇచ్చీసినాను. మూత తీసి, నెమ్మదిగా, ఒలకకుండా నీల్లలోకి దించినాను” అన్నాడు. ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాను. వేరే ఏమీ తోచలేదు.

నీ పాచికలు నిజమే చెప్పాయి. వాడు మూడో గుర్తు దగ్గరే ఉన్నాడు. ఇప్పుడిక నాకు వాటిని చూస్తేనే భయం. ఆ ఆట ఇంకెప్పుడూ ఆడకు.

అమ్మ.


కళింగపట్నం,
20 జూన్ 2024.

బుల్లీ,

నీ పదిహేనో తారీకు ఉత్తరం నిన్న వచ్చింది. చదివి కళ్లజోడు విసిరికొట్టాను. విరగలేదు, ఒక కాడ వంగింది. లక్ష్మీనరసమ్మ దాన్ని సరిచేసి, “నా మొగుడు వచ్చీసినాడు కదా, ఇంక నువ్వెందుకే ఇరగ్గొట్టుకోడం” అంది.

నీ మీద కోపం రాత్రి దాకా ఉంది. ఇద్దరు మనుషులు పోయేవారు. అది నువ్వు జన్మంతా గుర్తుపెట్టుకో, నేనూ పెట్టుకుంటాను. కానీ పొద్దున్న వల దగ్గర కూర్చుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆ పుస్తకానికి ఆఖరి కాగితాలు లేవు. నువ్వది నాకు రాయలేదు, మర్చిపోయావో, కావాలనే వదిలేశావో. చిరిగిన చోటికి వచ్చాక మీ అన్న పుస్తకం మూసేసి, మిగతాది తనే చెప్పేవాడు. ఒకరోజు నాయకుడు తిమింగలం వీపు మీద వచ్చేవాడు. ఒకరోజు రెండో చందమామ కిందకి దిగి లాక్కొచ్చేది. “నిన్న ఇలా చెప్పలేదు కదరా” అంటే, “నిన్న నీకు కాలు నొప్పి లేదమ్మా, ఇయాల ఉన్నాది, అందుకని బేగి తెచ్చీసినాను” అనేవాడు. ఏ రోజూ వాణ్ని నీళ్లలో వదిలెయ్యలేదు. ఏడు పడితే నువ్వు పన్నెండు అన్నావు. ఆ బుద్ధి ఎవరిదో నాకు తెలుసు.

అందుకే, మొన్న ఆడొద్దని రాశాను కానీ, ఆ మాట తీసేస్తున్నాను. కాగితాలు చింపకు. చింపేసి ఉంటే మళ్లీ రాసుకో. రెండు పనులు మాత్రం చెయ్యి.

వాడి పేరు తీసెయ్. భాగోతం అయిపోయాక వేషం కడిగేసుకోవాలి, తెల్లారాక ఆ మొహంతో వీధిలో తిరగకూడదు. ఎవరెవరో బల్ల చుట్టూ కూర్చుని వాణ్ని పోగొట్టుకోవడం, మళ్లీ వెతకడం, నేను ఓర్చుకోలేను. నవలలో ఉన్న పేరే పెట్టు. అంకెలు కూడా మార్చు. ఆ చోటు ఇక వాడిది.

రెండోది. నీ కాగితంలో నీళ్లు రెండు రోజులకి అని రాశావు. ఆ నీళ్లు ఎవరు నింపారే? పడవ ఎక్కేవాడు తన నీళ్లు తను ఎప్పుడూ నింపుకోడు. నీ ఆటలో ఐదుగురు, ఐదుగురూ ఓడలోనే ఉన్నారు. ఒడ్డున ఎవరూ లేరు. ఒకరిని ఒడ్డున కూర్చోబెట్టు. వాళ్లకి పాచిక ఇవ్వకు. ఎన్ని నీళ్లు పంపాలో, ఎంత అన్నం కట్టాలో, వెళ్లమనాలో వద్దనాలో వాళ్లు చెప్పాలి. ఆ తరువాత వాళ్లకి వేరే పని ఉండదు, చూస్తూ కూర్చోవాలి. అది ఎంత కష్టమో ఆడేవాళ్లకి తెలియాలి. అది లేకపోతే నీది సముద్రం కాదు, బొమ్మ.

వచ్చే అమావాస్యకి శ్రీకూర్మం వెళ్దాం. దర్భతో మనిషిని చేసి కర్మ జరిపిస్తారట, శవం లేకపోయినా. పంతులుగారిని అడిగాను. నోరు తెరిచి అడగడానికి ఏడు నెలలు పట్టింది. చేసేది మావయ్యే. వాడు “నా సేత్తోనా?” అని ఏడ్చాడు. “ఆ చేత్తోనే” అన్నాను. నేను వాణ్ని క్షమించానో లేదో ఇంకా తెలియదు. అన్నం అయితే పెడుతున్నాను. ఫోటోకి దండ నువ్వొచ్చాక నువ్వే వెయ్యి, నాకు చెయ్యి రాదు.

మావయ్య రేపటి నుంచి నిజంగా వేటకే వెళ్తాడట. ఇంజను చప్పుడు వింటే ఇప్పటికీ భయమే. అది ఇక పోదు, దానితోనే టిఫిను కట్టాలి.

వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. చిరిగిన చోటు దాకా చదువు, మిగతాది నువ్వు చెప్పు. మీ అన్న చెప్పిన వాటిల్లో ప్రతిసారీ నాయకుడు ఒడ్డుకి వచ్చి మొదట ఒకటే మాట అనేవాడు, గుర్తుందా? “అమ్మా, ఆకలేస్తంది.” నువ్వు ఏం మార్చినా అది మార్చకు.

నీ దగ్గు తగ్గిందన్నావు, నమ్మను. పని ఉందని పస్తులుండకు. వేళకి వేడివేడిగా కడుపునిండా అన్నం తిను.

అమ్మ.